ప్రోమ్ రోడ్డు: భూమి కోసం వేసిన దారి
(రంగం కథలు – ఏడో భాగం)

యాంగోన్, అంటే అప్పటి రంగూన్, మనవాళ్ల నోట రంగం. దాని నడిబొడ్డున ఉన్న సూలే పగోడా నుంచి ఉత్తరంగా వెళ్తే, ఇన్యా సరస్సు దాటాక ఒక పెద్ద కూడలి వస్తుంది. ఊరంతా దాన్ని ‘ఎనిమిదో మైలు’ అనే పిలుస్తుంది. ఆ తర్వాత తొమ్మిదో మైలు, ఆపైన పదో మైలు. ఇప్పుడక్కడ దుకాణాలు, ఆఫీసులు, విమానాశ్రయానికి పరుగెత్తే కార్లు. తెల్లదొరలు తమ రోజుల్లో సూలే పగోడాను సున్నాగా పెట్టుకుని దూరాలు కొలిచారు. మైలురాళ్లు చాలావరకు పోయాయి. అంకెలు మాత్రం జనం నోట నిలిచాయి. ఇవాళ ప్యే రోడ్డు అంటున్న ఈ దారి మన తాతల కాలంలో ప్రోమ్ రోడ్డు. రంగూన్ నుంచి ప్రోమ్ పట్టణం దాకా దీని పొడవు సుమారు 180 మైళ్లు.

గత భాగంలో కోరంగి, కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడ ఎక్కినవాళ్లను రంగం ఒడ్డున దించి వదిలాం. ఇప్పుడు వాళ్ల కళ్లెదుట ఉన్న దారి సంగతి చూడాలి. ఎవరు వేశారు, ఎందుకు వేశారు, ఎవరు నడిచారు అన్నది తెలిస్తే ఒక పెద్ద ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. లక్షల మంది తెలుగువాళ్లు బర్మా వెళ్లారు. ఎకరాలకు ఎకరాలు ఖాళీగా పడి ఉన్న దేశం అది. రైతుబిడ్డలు వెళ్లి, అరవై డెబ్బై ఏళ్లు వస్తూ పోతూ ఉండి కూడా అక్కడ రైతులు ఎందుకు కాలేకపోయారు?

1852లో రెండు సంగతులు జరిగాయి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అదే ఏడాది ఈస్టిండియా కంపెనీ బర్మాతో రెండో యుద్ధం చేసి, డిసెంబరు 20న పెగూ సీమను కలుపుకున్నట్టు గవర్నర్ జనరల్ డల్హౌసీతో ప్రకటన చేయించింది. ఆ యుద్ధంలో పోరాడిన పటాలాల్లో మద్రాసు సైన్యానివి ఎన్నో. అంటే గోదావరి డెల్టాకు నీళ్లొచ్చిన ఏడే ఐరావతి డెల్టా కంపెనీ చేతికి వచ్చింది. రెండూ వరి పండే ఒండ్రు నేలలే. తేడా ఒక్కటే. ఇక్కడ పొలానికి మించి మనుషులున్నారు, అక్కడ మనుషులకు మించి నేల ఉంది.

కంపెనీ చేతికి వచ్చేసరికి రంగూన్ అంటే కొయ్య ఇళ్లు, వెదురు ఇళ్లు, ఆటుపోట్లకు మునిగే బాడవ నేల. దాని మీద కొత్త నగరాన్ని గీసింది ఇద్దరు. ఒకరు సింగపూర్‌లో పనిచేసి వచ్చిన డాక్టర్ మాంట్‌గొమెరీ, రెండోవారు బెంగాల్ ఇంజనీర్లలో లెఫ్టినెంట్ ఫ్రేజర్. నది వెంట స్ట్రాండ్ రోడ్డు, దానికి సమాంతరంగా పెద్ద వీధులు, అడ్డంగా నూరడుగుల దారులు. వాటి మధ్య ఏభై అడుగుల వీధి, దానికి అటూ ఇటూ ముప్పై అడుగుల సందులు. సందులకు పేర్లు కూడా పెట్టకుండా అంకెలు వేశారు. నేలంతా సర్కారుదేనని ముందే ప్రకటించి, అప్పటిదాకా కాపురమున్నవాళ్ల హక్కుల్ని కొట్టేసి, స్థలాలుగా కోసి అమ్మారు. కొన్నవాడు గడువులోగా ఇల్లు కట్టాలి. అమ్మగా వచ్చిన డబ్బుతో సర్కారు పల్లం పూడ్పించాలి. జనం కోసం ఊరు కట్టలేదు, ఊరు గీసి జనాన్ని పిలిచారు. తర్వాత డెల్టా అంతటా చేసిన పనికి ఇది తొలి నమూనా.

ఊరి వెలుపలికి వెళ్లే దారులు మొదట సైన్యం కోసమే. బర్మా రాజు మిండన్ పెగూ పోయిందని సంతకం పెట్టలేదు. అందుకని సరిహద్దు దగ్గర థయెట్‌మ్యో అనే చోట కంటోన్మెంటు పెట్టారు. నదిలో స్టీమర్లు ఉన్నా, ఫిరంగులు బండ్ల మీద నడవాలంటే నేల దారి కావాలి. అలా ప్రోమ్ రోడ్డు మొదలైంది. పడమరన ఐరావతి, తూర్పున పెగూ యోమా కొండలు, నడుమ పొడుగ్గా సాగే మైదానం. ఆ మైదానంలో తైక్కీ, ఒక్కాన్, తారావడి, లెట్పడాన్, జోబింగౌక్, నట్టలిన్, పౌంగ్డే ఇప్పుడు వరసగా పట్టణాలు. అప్పుడు వాటి చుట్టూ చాలా మేర రెల్లు, అడవి, దోమలు. వానాకాలం నాలుగైదు నెలలు బండి చక్రం ఇరుసు దాకా దిగిపోయే నేల.

1862లో అరకాన్, పెగూ, తెనసెరిం మూడు సీమల్ని కలిపి బ్రిటిష్ బర్మా అని పేరుపెట్టి, ఆర్థర్ ఫైర్‌ను చీఫ్ కమిషనర్‌గా, రంగూన్‌ను రాజధానిగా చేశారు. అప్పటి నుంచి దారి మీద ఆలోచన మారింది. సైన్యం ఖర్చు భరించాలంటే శిస్తు రావాలి. శిస్తు రావాలంటే సాగు కావాలి, సాగుకు మనుషులు కావాలి. ఆ కాలంలోనే లోకం నలుమూలలా ఇదే లెక్క నడుస్తోంది. కెనడాలో ఒట్టావా నది ఎగువన అడవి కొట్టి ఒపియాంగో దారి వేసి, దారి పక్కన నూరెకరాలు ఉచితంగా ఇస్తామన్నారు. నాలుగేళ్లలో పన్నెండెకరాలు చదును చేసి ఇల్లు కట్టుకోవాలన్నది షరతు. చాలామంది ఐర్లండ్, పోలండ్‌ల నుంచి అక్కడికి చేరి, కింద రాయి తప్ప మట్టి లేదని తెలిశాక ఏడ్చారు. బర్మాలో అలా కాదు. కింద ఉన్నది బంగారం లాంటి ఒండ్రు.

బర్మాలో అడవి కొట్టినవాడిదే పొలం అన్నది రాజుల కాలం నాటి కట్టుబాటు. దాన్ని ‘దామా ఉజా’ అనేవారు. కత్తి మొదట ఎవరు వేస్తే వాడిదే అని. బ్రిటిష్‌వాళ్లు దీన్ని చట్టంలోకి ఎక్కించారు. 1876 భూమి, శిస్తు చట్టం ప్రకారం వరసగా పన్నెండేళ్లు సాగు చేసి శిస్తు కట్టినవాడు ఆ భూమికి హక్కుదారు. దీనికి తోడు పట్టా పద్ధతి వచ్చింది. అడవి నరికి సాగుకు తెచ్చేదాకా కొన్నేళ్లు శిస్తు లేదు. పెళ్లయినవాడికి ఐదు రూపాయలు, కానివాడికి రెండున్నర రూపాయల తలపన్ను ఉన్న రోజుల్లో, కొత్తగా వలస వచ్చినవాళ్లకు కొంతకాలం దాన్ని కూడా మాఫీ చేశారు. కొన్‌బౌంగ్ వంశపు బర్మా రాజులు బియ్యం ఎగుమతిని నిషేధించేవారు. కొత్త దొరతనం ఆ గేటు తీసేసింది. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి కరొలినా బియ్యం ఆగిపోవడం, 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడం రెండూ రంగూన్ బియ్యానికి కలిసొచ్చాయి. 1850ల నడుమ దిగువ బర్మాలో పది లక్షల ఎకరాలు కూడా లేని వరి, 1900 తర్వాతి అయిదారేళ్లకు అరవై లక్షలు దాటింది. 1930ల నడుమకు 87 లక్షల ఎకరాలు. ఎగుమతి 1855లో లక్షా అరవై వేల టన్నులు, ఏభై ఏళ్లకు ఇరవై లక్షల టన్నులు.

ఈ ఎకరాలను సాగులోకి తెచ్చిన చేతులు ప్రధానంగా బర్మా రైతులవి. ఎగువ బర్మా అప్పటికి ఇంకా రాజుల ఏలుబడిలోనే ఉంది. అక్కడి ఎండిన సీమ నుంచి కుటుంబాలకు కుటుంబాలు దక్షిణానికి దిగాయి. 1881 లెక్కల్లో దిగువ బర్మాలో ఉన్నవాళ్లలో ఎగువ బర్మాలో పుట్టినవాళ్లు మూడు లక్షలకు పైగా తేలారు. బండి మీద సామాను, సామాను మీద పిల్లలు, బండి వెనక తాడుకు కట్టిన గేదె. ఊరికి ఒకరు ముందు వచ్చి చోటు చూసి, తర్వాత చుట్టాలను పిలుచుకునేవారు. వాళ్లకు భాష తెలుసు, ఊరిపెద్ద ‘తుజీ’తో మాట్లాడటం తెలుసు, పగోడా ఎక్కడ కట్టుకోవాలో తెలుసు. దారి వాళ్లకు దారిగానే పనికొచ్చింది.

అయితే సర్కారుకు వాళ్లు చాలలేదు. 1872 జనాభా లెక్కల్లో బ్రిటిష్ బర్మా మొత్తం కలిపి దాదాపు ఇరవై ఏడున్నర లక్షల మంది. అంత నేలకు ఇది ఏ మూలకు? ఆ సమయానికి ఆష్లే ఈడెన్ చీఫ్ కమిషనర్. 1874లో బీహారు, బెంగాల్‌లలో కరువు వచ్చింది. అక్కడి కరువు జనాన్ని బర్మాకు తెచ్చి, ప్రోమ్ రోడ్డు పక్కనే వేస్తున్న రైలు కట్ట పనిలో పెట్టారు. పని అయ్యాక వాళ్లే దారి పక్క భూముల్లో స్థిరపడతారని ఆశ. మీటర్ గేజ్ దారి 161 మైళ్లు పూర్తయి 1877 మే 1న ప్రోమ్‌కు రైలు నడిచింది. బర్మాలో తొలి రైలు అదే. మనుషులు మాత్రం అనుకున్నట్టు నిలవలేదు. చాలామంది తిరిగి ఇంటిదారి పట్టారు, మిగిలినవాళ్లు కూలి దొరికే చోటికి పోయారు.

తర్వాతి గురి మన తీరం. 1876లో కూలీల కోసం ప్రత్యేక చట్టం చేసి, కాకినాడ మీదుగా ఒప్పందం రాయించుకుని మనుషుల్ని తెచ్చే ప్రయత్నం చేశారు. అది రెండేళ్లు కూడా సరిగా నడవలేదు. రంగూన్ ఒడ్డున దిగిన కూలీకి, ఒప్పందంలో రాసిన కూలి కన్నా బయట దొరికేది ఎక్కువని గంటలో తెలిసిపోయేది. ఇక ఒప్పందం ఎవడికి కావాలి? 1882లో మరో దారి తొక్కారు. కోరమాండల్ రేవుల నుంచి జనాన్ని తెచ్చే స్టీమర్ కంపెనీలకు సర్కారే కొంత సొమ్ము ముట్టజెప్పి చార్జీలు తగ్గించింది. ఈ ఉపాయం పారింది. జనం వచ్చారు, విరగబడి వచ్చారు. 1876–78 నాటి కరువు మద్రాసు రాజధానిని ఎలా ఊడ్చేసిందో రెండో భాగంలో చెప్పుకున్నాం. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పల్లెల్లో దొరికే కూలికి రెండు మూడింతలు రంగంలో దొరుకుతుందన్న మాట ఇంటింటికీ చేరింది. పొట్ట చేత పట్టుకుని కదిలారు. 1920లకు వచ్చేసరికి ఏడాదికి మూడు లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం మీదుగా బర్మాలో దిగేవారు. దాదాపు అంతమందీ ఏటా తిరిగి ఓడ ఎక్కేవారు కూడా.

ఈ రెండో మాటలోనే అసలు కథ ఉంది. పిలిచింది స్థిరపడటానికి. వచ్చింది తిరిగి వెళ్లడానికి.

తెలుగువాడికి సాగు చేతకాక కాదు. అతని మీద అప్పు ఉంది. పల్లెకు వచ్చి ఓడ టికెట్టు కొనిపెట్టింది మేస్త్రీ. ఇంటి దగ్గర భార్య చేతిలో పెట్టమని కొంత అడ్వాన్సు ఇచ్చింది మేస్త్రీ. రంగూన్‌లో గదిలో చోటు చూపించింది, బియ్యం అరువు ఇప్పించింది, మిల్లులో పని రాయించింది కూడా అతనే. ఆ మేస్త్రీ పైన పెద్ద మేస్త్రీ, అతని పైన కంట్రాక్టరు, అతని పైన కంపెనీ. కూలి డబ్బు కంపెనీ నుంచి బయలుదేరి మెట్టుమెట్టుకూ తరుగుతూ కిందికి దిగి, చివరికి కూలీ చేతికి వచ్చేసరికి బాకీ పద్దులోనే ఇంకిపోయేది. చేతిలో మిగిలిన కాస్తా మనియార్డరు. మేస్త్రీలందరూ దుర్మార్గులని నేను అనను. వాళ్లలో చాలామంది అదే ఊరివాళ్లు, అదే కులంవాళ్లు, ఒకప్పుడు తామూ బస్తాలు మోసినవాళ్లే. జబ్బు చేస్తే ఊరికి కబురు పంపేదీ వాళ్లే. కానీ ఆ ఏర్పాటు మాత్రం మనిషిని ఒక పొలం పక్కన పన్నెండేళ్లు నిలబడనివ్వదు. అడవి కొట్టాలంటే తొలి పంట చేతికొచ్చేదాకా తిండికి పెట్టుబడి ఉండాలి, ఎడ్లు ఉండాలి, ఇంటి మనుషులు తోడుండాలి. బాకీ ఉన్నవాడు నెలకోసారి లెక్క చెప్పాలి. రంగూన్ భారతీయుల్లో ఆడవాళ్లు బాగా తక్కువ. ఇల్లాలు లేని చోట ఇల్లు లేదు, ఇల్లు లేని చోట పొలం లేదు.

అందుకే తెలుగు కూలీ ఏడాది ఇలా గడిచేది. వానలు వెనకబట్టాక ఓడ దిగుతాడు. నవంబరు, డిసెంబరుల్లో హంతవాడీ, పెగూ జిల్లాల పొలాల్లోకి ముఠాగా వెళ్లి కోతలు కోస్తాడు. బర్మా రైతు గుడిసె పక్కన పాక వేసుకుంటారు, పది పదిహేను మందికి ఒకటే కుండలో వంట. కోత కాగానే జనవరిలో మిల్లుల సీజన్. పజుందౌంగ్ వాగు ఒడ్డున, కెమెండైన్‌లో, నదికి ఆవలి దరిన డలాలో బారుగా నిలబడ్డ పొగగొట్టాలు. ధాన్యపు పడవ ఒడ్డుకు తగలగానే బల్లకట్టు మీద రెండు వరసలు. ఒక వరస తట్టలతో పైకి, ఇంకో వరస ఖాళీ తట్టలతో కిందికి. దించినచోట ఒకడు లెక్క పలుకుతూ ఉంటాడు. ఊక వేరే కుప్ప. మిల్లు బాయిలర్‌కు ఆ ఊకే ఇంధనం, బొగ్గు అక్కర్లేదు. బూడిద వాగులో కలిసేది. మే నెల దాకా ఇలా సాగి, తొలకరి పడగానే మిల్లులు మందగిస్తాయి. కొందరు ఇంటికి, కొందరు రేవుకు, కొందరు రిక్షా బండికి. రంగూన్ వీధుల్లో ‘లాంచా’ అనే ఆ బండి లాగినవాళ్లలో ఎక్కువమంది మన తీరంవాళ్లే. వీధులూడ్చిందీ, దొడ్లు శుభ్రం చేసిందీ కూడా చాలావరకు తెలుగువాళ్లే. ఆ ఊరు వాళ్లందరినీ కలిపి ‘కోరంగీలు’ అని పిలిచింది.

ఇక పడుకునే చోటు. ముప్పై అడుగుల సందుల్లో మూడంతస్తుల ఇళ్లు. ఒక్కో అంతస్తు పొడుగాటి ఒకే గది. రాత్రి డ్యూటీ వాడు లేచిన చాప మీద పగటి డ్యూటీ వాడు పడుకునేవాడు. 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ లేబర్ కమిషన్ రంగూన్ దాకా వచ్చి ఈ గదుల సంగతి రాసింది. ఇ. జె. ఎల్. ఆండ్రూ అనే అధికారి, ఎ. నారాయణరావు అనే కార్మిక నాయకుడు రంగూన్ భారతీయ కూలీల మీద పుస్తకాలే రాశారు. ఈ విషయం తెలుసుకోవాలన్నవాళ్లు ముందు చదవవలసినవి అవే. 1931 నాటికి రంగూన్ జనాభా నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా భారతీయులు. ఇంతమంది ఉన్న ఊళ్లో తెలుగు కూలీకి సొంతమని చెప్పుకునే నేల ఆరడుగుల చాప.

ఇంతకూ ప్రోమ్ రోడ్డు పక్కన స్థిరపడ్డ బర్మా రైతు బాగుపడ్డాడా? తొలి తరం బాగుపడింది. తర్వాత వాళ్ల మెడకూ ఉచ్చు బిగిసింది. చట్టం ఇచ్చిన పట్టా కాగితమే తాకట్టు కాగితమైంది. చెట్టినాడు నుంచి వచ్చిన చెట్టియార్ల వడ్డీ దుకాణాలు రైల్వే స్టేషను ఉన్న ప్రతి ఊళ్లోనూ వెలిశాయి. బియ్యం ధర ఉన్నంతకాలం అప్పు నడిచింది. 1930లో ప్రపంచమంతా మాంద్యం వచ్చి ధాన్యం ధర సగానికి పైగా పడిపోయింది, అప్పు మాత్రం తగ్గలేదు. 1930లో దిగువ బర్మాలోని పదమూడు ప్రధాన వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్నది సాగుభూమిలో ఆరు శాతం. 1937 నాటికి అది పాతిక శాతం. చెట్టియార్లు పొలం కోసం రాలేదు, వడ్డీ కోసం వచ్చారు. బాకీ తీరక పొలం వాళ్ల మెడన పడింది. రైతుకు ఆ తేడా ఏం ఓదార్పు? తాత అడవి కొట్టిన పొలంలో మనవడు కౌలుదారయ్యాడు. కౌలు కూడా దొరకనివాడు అదే రోడ్డు వెంట, ఈసారి దక్షిణంగా, రంగూన్‌కు దిగాడు కూలి కోసం.

అక్కడ అతనికి ఎదురైనవాడు కోరంగీ.

1930 మే నెలలో రేవులో సరుకు దించే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు సమ్మె విరగ్గొట్టడానికి బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. రాజీ కుదిరి తెలుగువాళ్లు పనికి తిరిగి వచ్చేసరికి, బర్మావాళ్లను మీ పని అయిపోయింది పొమ్మన్నారు. మే 26 పొద్దున రేవులో గొడవ రాజుకుంది. మాట మాట పెరిగి ఊరంతా పాకింది. ఇళ్ల తలుపులు విరగ్గొట్టి చంపారు. తెలుగు కూలీలు గదుల్లోంచి పారిపోయి దొరికిన ఆవరణల్లో తలదాచుకున్నారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు నూట ఇరవై మంది, గాయపడినవాళ్లు తొమ్మిది వందలు. అసలు సంఖ్య అంతకు చాలా ఎక్కువని అప్పుడే అన్నారు. కడుపు కాలినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. పని ఇచ్చి, తీసేసి, ఇద్దరి మధ్యా చిచ్చు పెట్టిన స్టీవడోరు కంపెనీల మీద ఒక్క రాయీ పడలేదు. ఆ రోజును తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది అక్కడే.

అదే ఏడాది డిసెంబరులో ప్రోమ్ రోడ్డు మీది తారావడి జిల్లాలో సాయా సాన్ నాయకత్వంలో రైతులు తిరగబడ్డారు. కత్తులు, ఈటెలు, ఒంటి మీద తుపాకి గుండు దిగదని నమ్మిన పచ్చబొట్లు. తిరుగుబాటు అణచడానికి బలగాలు తరలింది మళ్లీ ఈ దారి మీదే, దీని పక్క రైలు మీదే. డెబ్బై ఏళ్ల కింద రైతులను రప్పించాలని చూసిన దారిలోనే రైతుల మీదికి సైన్యం నడిచింది. సాయా సాన్‌ను 1931 నవంబరులో ఉరితీశారు. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. మరుసటి ఏడాది జూలైలో మళ్లీ అల్లర్లు. తెలుగు పల్లెల్లో రంగం పేరు చెబితే డబ్బుతో పాటు భయం కూడా గుర్తుకొచ్చే రోజులు వచ్చాయి.

1941 డిసెంబరు 23 పొద్దున జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ ఊరు అంతకు ముందు బాంబు ఎరగదు. విమానాల శబ్దం విని జనం వీధుల్లోకి వచ్చి తలెత్తి చూస్తూ నిలబడ్డారు. అలా నిలబడ్డవాళ్ల మీదే పడ్డాయి. రెండు రోజులకు, క్రిస్మస్ నాడు, మళ్లీ వచ్చాయి. ఆ సాయంత్రానికి ప్రోమ్ రోడ్డు మనుషులతో నిండిపోయింది.

ఇంతకాలం ఈ దారి తెలుగు కూలీకి పెద్దగా పనికి రాలేదు. అతని లోకమంతా రేవు, మిల్లు, గది, ఓడ. మొదటిసారి అతను దాని పొడవునా నడిచింది ఆ క్రిస్మస్ వారంలో. ఓడ టికెట్టు దొరికేది డబ్బున్నవాళ్లకు. లేనివాళ్లకు దారి ఒక్కటే. ప్రోమ్ దాకా 180 మైళ్లు, అక్కడ ఐరావతి దాటి, అరకాన్ కొండల మీదుగా టౌంగుప్ కనుమలో వంద మైళ్లకు పైగా నడక, తర్వాత పడవ మీద అక్యాబ్, చిట్టగాంగ్. రేవు ఆగిపోతే యుద్ధం ఆగిపోతుంది కాబట్టి సర్కారు బతిమాలి కొందరిని వెనక్కి తెచ్చింది. ఫిబ్రవరిలో జపానువాళ్లు దగ్గరపడేసరికి వాళ్లూ మళ్లీ బయలుదేరారు. ప్రోమ్‌లో నది దాటడానికి వేలమంది ఆగిపోయి, కలరా పుట్టింది. తలమీద మూట, మూటలో రాగి చెంబు, దుప్పటి, నాలుగు గిన్నెలు. చంటిబిడ్డలున్నవాళ్లు మూట దారిలో వదిలి బిడ్డను ఎత్తుకున్నారు. అన్ని దారుల్లోనూ కలిపి ఆ ఏడాది బర్మా నుంచి నాలుగైదు లక్షల మంది భారతీయులు బయటపడ్డారు. దారిలో పోయినవాళ్లు పదివేల మంది అని తక్కువ లెక్క, ఏభై వేలు, ఆపైన అని ఎక్కువ లెక్క. పేర్లు రాసుకున్నవాళ్లు లేరు.

మార్చి 7న బ్రిటిష్ సైన్యం కూడా రంగూన్ వదిలి ఇదే రోడ్డెక్కింది. ఇరవై ఒకటో మైలు దగ్గర తౌక్యాన్‌లో, పెగూ రోడ్డు వచ్చి కలిసేచోట, జపానువాళ్లు అడ్డుకట్ట వేశారు. జనరల్ అలెగ్జాండర్, ఆయన సైన్యం చిక్కిపోవలసిందే. మరునాడు తెల్లారేసరికి జపానువాళ్లు తమ దళం రోడ్డు దాటేసిందని అడ్డు తీసేసి వెళ్లిపోయారు, బ్రిటిష్‌వాళ్లు బయటపడ్డారు. ఇవాళ తౌక్యాన్‌లో పెద్ద యుద్ధ శ్మశానం ఉంది. ఆరువేల మందికి పైగా సైనికుల సమాధులు, సమాధి దొరకని దాదాపు 27,000 మంది పేర్లు చెక్కిన స్తంభాలు. ఆ పేర్లలో మన దేశపు సిపాయిలవి వేలు. ప్రతి పేరూ ఉలితో చెక్కి, గడ్డి కత్తిరించి, శుభ్రంగా ఉంచుతారు. సైన్యం కన్నా ముందే ఇదే రోడ్డు మీదుగా నడిచిపోయిన మిల్లు కూలీలకు అందులో చోటు లేదు. అది సైనికుల కోసం కట్టినది కాబట్టి తప్పు పట్టలేం. కానీ వాళ్లకూ ఎక్కడో ఒకచోట, భీమిలిలోనో కాకినాడలోనో, ఒక రాయి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి వెళ్లారు. 1948లో బర్మా స్వతంత్రమైంది, భూముల జాతీయీకరణ చట్టాలు వచ్చాయి. చెట్టియార్ల భూములు పోయాయి. తెలుగు కూలీకి పోవడానికి భూమి లేదు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు స్వాధీనం చేసుకుని, ఏభై, నూరు చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించడంతో మిగిలినవాళ్లలో చాలామంది ఓడ ఎక్కక తప్పలేదు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంప్ అనే పేట అలా వచ్చిన కుటుంబాలతో ఏర్పడ్డదే. ఒంటిమీది బట్టలతో దిగినవాళ్లు, మూడు తరాల కింద వదిలిన జిల్లాలో కాందిశీకులుగా పేరు రాయించుకున్నారు.

అందరూ రాలేదు. యాంగోన్‌లో, బగోలో (పాత పెగూ), అంతకంటే ఎక్కువగా మౌల్‌మెయిన్ చుట్టూ మోన్ రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలకు ఇంటి దగ్గరే తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నారు, రామనవమి చేసుకుంటున్నారు. ప్రోమ్ రోడ్డుకు దూరంగా, మార్తబాన్ సింధుశాఖకు ఆవల, మేస్త్రీ పద్దుల నుంచి ఎలాగో తప్పించుకుని కుటుంబాలతో వెళ్లి చిన్న చిన్న చెక్కలు సంపాదించుకున్నవాళ్లు ఉన్నారు. పిలిచిన దారిలో దొరకని నేల వాళ్లకు పిలవని చోట దొరికింది. వచ్చే భాగంలో మౌల్‌మెయిన్ వెళ్దాం.